తల మునగని ప్రమాణం

కిందటి వారం గీతాంజలిని చిత్తూరు కోర్టు వీధిలో, లాయరు నౌరీన్ ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చంకలో స్కానింగు కవరు, ఎదుట జవాబు చెప్పలేని ప్రశ్న. ఆమె అక్కడి నుంచి బస్సెక్కి నగరి చేరిందా లేదా అని కంగారు పడిన వాళ్ళకు ముందే చెప్పేస్తాను, చేరింది. చేరకపోతే బాగుండునని దారిలో ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, మనం అనుకున్నప్పుడల్లా ఆగిపోతే అది ఆర్టీసీ బస్సెందుకవుతుంది?

మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ళకు జరిగింది క్లుప్తంగా చెప్పాలి. గీతాంజలి నగరిలో మర మగ్గం నేసే మునీంద్ర భార్య, తనూ నేతగత్తే. మామిడి పూత మీద ఉన్న రోజుల్లో పుత్తూరు నుంచి షేర్ ఆటోలో ఇంటికి వస్తుంటే, పలమనేరు పాలవ్యాను వెనక నుంచి గుద్దింది. ఆటో పక్కకు ఒరిగింది. గీతాంజలి లేచి, చీర దుమ్ము దులుపుకుని, అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ కూడా "నాకేం కాలేదు" అని చెప్పింది. మణికట్టు వాచింది కాబట్టి వెనక్కి పుత్తూరు పోయి, అక్కడి నాటువైద్యుల దగ్గర కట్టు కట్టించుకుంది. ఎముక విరగలేదన్నారు. ఈమె చూపించింది మణికట్టే కాబట్టి వాళ్ళు చూసిందీ మణికట్టే. ఆసుపత్రి గడప తొక్కలేదు, స్టేషనులో ఒక్క ముక్క రాయించలేదు. దానికి బదులు ఆ వారంలోనే రెండిళ్ళ వాళ్ళూ కలిసి కాణిపాకం పోయారు. ఈ జిల్లాలో మాట తెగకపోతే పోయేది అక్కడికే. కోనేట్లో తల మునిగి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట నిలబడి చెప్పిన మాటకు ఇక తిరుగు లేదు. "నాకు ఏ దెబ్బా లేదు, ఎవరి మీదా కేసు పెట్టను" అని గీతాంజలి ప్రమాణం చేసింది. "రేపు ఏమన్నా బయటపడితే నేను చూసుకుంటాను" అని వ్యాను ఓనరు భానుచందర్ ప్రమాణం చేశాడు. అందరూ ప్రసాదం తిని, ఒకరికొకరు దండాలు పెట్టుకుని ఇళ్ళకు పోయారు.

ఆ రేపు రానే వచ్చింది. మామిడి కాయ కోతకు వచ్చేసరికి గీతాంజలి కుడిచెయ్యి ఆమెది కాకుండా పోయింది. మొదట చూపుడు వేలు మొద్దుబారింది, తర్వాత బొటనవేలు. మగ్గం మీద పడుగు పోగు తెగితే దాన్ని కంటితో వెతికే నేతగాళ్ళుండరు, వేలికొసలతో తడిమి పట్టుకుని ముడేస్తారు. ఆ వేళ్ళకు ఇప్పుడు పోగుకూ గాలికీ తేడా తెలియడం లేదు. తిరుపతి డాక్టరు స్కానింగు చూసి, మెడలో నరం నలిగిపోయిందన్నాడు. దెబ్బ తగిలిన రోజే అన్నీ బయటపడవనీ, కొన్ని ఇలా నెలల తరబడి లోపల నానుతాయనీ, ఆపరేషన్ ఆలస్యం చేస్తే చెయ్యి ఇక తిరిగి రాదనీ చెప్పాడు.

అక్కడ చెయ్యి, ఇక్కడ దేవుడి ముందు మాట. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ గీతాంజలి బతుకు.

లాయరు నౌరీన్ చిన్నదే గానీ మాట తెంపుగా చెప్పే పిల్ల. "అక్కా, కోర్టుకు మీ ప్రమాణంతో పని లేదు. రాజీ అని రాసి సంతకం పెట్టలేదు గదా, అది మేలు. ఇప్పుడన్నా స్టేషనులో కంప్లైంటు ఇయ్యచ్చు. ఎందుకు ఆలస్యమైందో ఉండేదున్నట్టు చెప్పాల. నష్టపరిహారం కేసుకు ఆరు నెలల గడువుండాది, అది దాటిపోనీయద్దు. అయితే వాళ్ళు నిన్ను ఒకటే అడుగుతారు. ఇది మగ్గం కాడ వంగి వంగి వచ్చిన నొప్పి కాదని రుజువేంది? అప్పుడే నీ మెడ పట్టేసిందని మీ ఇంట్లోవాళ్ళు కాక ఇంకెవురన్నా చూసినారా?"

చూశారు. ఒకే ఒకరు. ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఈ వారం చూద్దాం.

*

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. నగరిలో కరెంటు పోతే దీపం ఆరిపోవడం కాదు, వీధి వీధంతా నోరు మూసుకుంటుంది. పొద్దున్నుంచి టకటకమని మోగిన మగ్గాలన్నీ ఒక్కసారి ఆగి, పక్కింట్లో బియ్యం చెరిగే చప్పుడు కూడా వినపడుతుంది. అలాంటి వేళ ఇంట్లో పెద్ద మాట ఏదీ ఎత్తకూడదని తెలిసిన వాళ్ళ నియమం. కానీ వచ్చే వాళ్ళు కరెంటు చూసుకుని వస్తారా?

భానుచందర్ వచ్చాడు. వెంట తల్లి దేవకమ్మను కూడా తెచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని మాట, చేతిలో ఎప్పటిలాగే పలమనేరు పాలకోవా పొట్లం. దేవకమ్మ ఎత్తుగా ఉంటుంది, వయసు ఆమె నడుమును వంచలేకపోయింది. పశువుల మధ్య పెరిగిన మనిషి కాబట్టి ఎవరి ఇంటికి పోయినా ముందు కాళ్ళు కడుక్కుని గానీ లోపలికి రాదు.

"చెల్లెమ్మా, చిత్తూరు పోయొచ్చినావంట" అన్నాడు భానుచందర్, చాప మీద కూర్చుంటూనే.

గీతాంజలి గోడకు ఆనుకుని నిలబడింది. దొరికిపోయానని గుండె దడదడలాడాలి. ఆడలేదు. ఈ మధ్య ఆమెకు ఇదే పెద్ద వింతగా ఉంది. చేతిలో మొదలైన తిమ్మిరి చేతిలోనే ఉందో, లోపలికి కూడా పాకిందో తెలియడం లేదు. డాక్టరు మాట విన్న రోజు కూడా ఏడుపు రావలసిన చోట ఏమీ రాలేదు. బయటికి వచ్చి రెండు జామకాయలు బేరం చేసి కొనుక్కుంది.

"పోయినానన్నా" అంది.

అత్త పెంచలమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. చిత్తూరు సంగతి ఆమెకు కొత్త. కోడలి చెయ్యి మొద్దుబారిన నాటి నుంచి ఆమె దేవుడి గూట్లో పసుపుగుడ్డలో ముడుపు కట్టి పెట్టింది. ప్రమాణంలో ఏదో లోపం జరిగింది, అందుకే స్వామి చెయ్యి చూపించాడని ఆమె నమ్మకం. ఆ లోపం ఏమిటో మాత్రం ఎవరితోనూ అనలేదు.

మునీంద్ర ఆగిన మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని, నూలు అయిపోయిన ఖాళీ కండెలు ఒక్కొక్కటీ తీసి బుట్టలో వేస్తున్నాడు. కాణిపాకం నుంచి వచ్చిన తర్వాత భానుచందర్ నగరిలో పెట్టిన పాలకేంద్రం అతనికే అప్పజెప్పాడు. పొద్దునా సాయంత్రం పాలు కొలిపించుకోవడం, మధ్యలో మగ్గం. మంచివాడు, మనల్ని మరచిపోలేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. గీతాంజలి కూడా అనుకుంది. చిత్తూరు పోదాం రమ్మని ఆమె పిలిచినప్పుడు మాత్రం మునీంద్ర "నాకు పనుండాది" అని తల తిప్పుకున్నాడు.

"ఏంది మునీంద్రా, నువ్వన్నా చెప్పద్దా?" భానుచందర్ అతని వైపు తిరిగాడు. "కేసు పెడితే ఎవురికప్పా లాభం? బండి తీసకపోయి స్టేషనులో నిలబెడతారు. పాలు యాడ పోసుకోవాల? నీ పాలకేంద్రం ఏమైతాది? దేవుని కాడ తేల్చుకున్న మాటను మళ్ళ నల్లకోటు కాడికి తీసకపోతే ఊళ్ళో నవ్వరా?"

మునీంద్ర ఒక కండె బుట్టలో వేశాడు.

"బండి ఒక వారముండి వచ్చేస్తాదన్నా" అంది గీతాంజలి. లాయరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడం తప్ప ఆమె గొంతులో కోపం లేదు. "డబ్బిచ్చేది ఇన్సూరెన్సోళ్ళంట. నువ్వు కాదంట. నీకేం నష్టం?"

భానుచందర్ కోవా పొట్లాన్ని కుడి నుంచి ఎడమకు జరిపాడు. ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పుతారన్నాడు, తిప్పి తిప్పి ఏమీ ఇవ్వరన్నాడు, తన బావమరిదికి అలాగే అయిందన్నాడు, ఆ బావమరిది కథలోంచి పాల రేటు పడిపోవడంలోకి పోయాడు. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి. గీతాంజలి విన్నంతసేపు విని, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

"నీకేం నష్టమన్నా?"

"ఆ దినానికి బండికి ఇన్సూరెన్సు లేదు!" అన్నాడు భానుచందర్. మెత్తని గొంతు పోయింది. "కట్టాల, కట్టాల అనుకుంటా ఉంటి. దాటిపోయింది. చాలునా? కేసు పడితే పడేది నా నెత్తిన. ఇల్లు, ఆవులు, బండి, అన్నీ."

వీధి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ మాట పక్కింటికీ, దాని పక్కింటికీ కూడా చేరే ఉంటుంది. దేవకమ్మ కొడుకు ముఖం చూసింది.

"ఏందిరా? నాకేమిటికి చెప్పలా?"

"నీకు చెప్తే ఏం చేస్తావు మా?"

"అన్నా, రేపు ఏమన్నా బయటపడితే నేను చూసుకుంటానని సత్యం చేస్తివి" అంది గీతాంజలి.

"చేసినా. కాదనలేదు. ఎప్పుడు చేసినా? నువ్వు దెబ్బ లేదంటివి, అప్పుడు చేసినా. నీ మాట మీద నా మాట. ఇప్పుడొచ్చింది మగ్గం కాడ వచ్చిన నొప్పి. ఊళ్ళో నేసేవాళ్ళందరి మెడలకీ నేను జవాబు చెప్పాల్నా?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. కాకపోతే అతని మాటలో ఒక కొస నిజం కూడా ఉంది. అదే గీతాంజలిని పట్టుకుంది. దెబ్బ లేదని చెప్పింది తనే కదా.

*

కాఫీ కాగిందని పెంచలమ్మ పిలిచింది. ఎన్ని గొడవలున్నా వచ్చిన వాళ్ళకు కాఫీ ఇవ్వకపోతే ఆ ఇంటి పరువేం కాను? గీతాంజలి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీది స్టీలు గిన్నె తీసుకుని వచ్చింది. చాప దగ్గర కూర్చుని గ్లాసుల్లోకి వంచుతోంది. కాఫీ ఇంకా అంచున కుతకుతమంటోంది.

దేవకమ్మ గట్టిగా అరిచింది.

ఎందుకు అరిచిందో గీతాంజలికి అర్థం కాలేదు. ఆమె చూపు పోయిన చోటికి తనూ చూసింది. గిన్నెను పట్టుకోవడానికి గుడ్డ లేదు. ఉత్త చెయ్యి. కుడిచెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ గిన్నె అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ చోట చర్మం తెల్లబడి పైకి లేస్తోంది.

దేవకమ్మ గిన్నెను లాక్కుని కింద పెట్టి, ఆ చేతిని చెంబులోని నీళ్ళలో ముంచింది. "కాలినట్టు తెలీలేదా అమ్మీ?"

"తెలీలా."

"రవ్వంత కూడా?"

"లేదమ్మా. వేడి గూడా తెలీలా."

భానుచందర్ తల పక్కకు తిప్పుకున్నాడు. మునీంద్ర స్టూలు మీద నుంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. దేవకమ్మ మాత్రం ఆ చేతిని నీళ్ళలోంచి తీయలేదు. తిప్పి తిప్పి చూస్తోంది. ఈనలేని ఆవు పక్కన తెల్లవార్లూ కూర్చున్న మనిషికి బాధ అరిస్తేనే తెలియాలనేం లేదు.

"ఆ దినం గూడా ఈ చెయ్యే పట్టుకుంటి" అంది నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు.

గీతాంజలి తలెత్తింది. నిన్న నాలుక చివర ఆగిపోయిన పేరు ఎదురుగా కూర్చుని తన చెయ్యి పట్టుకుని ఉంది.

ఆ రోజు జరిగింది ఇది. మగవాళ్ళు స్నానాలు ముగించి, తడి ఆరకముందే వస్తామని టీ తాగడానికి పోయారు, భానుచందర్ మునీంద్ర భుజం మీద చెయ్యేసుకుని. ఆడవాళ్ళు ముగ్గురూ కోనేట్లోకి దిగారు. గీతాంజలి నడుం లోతు నీళ్ళలో నిలబడి తల వంచబోయింది. మెడ వంగలేదు. లోపల ఎవరో కడ్డీ పెట్టి బిగించినట్టు నిలబడిపోయింది. రెండోసారి వంచబోతే భుజం నుంచి వేళ్ళ దాకా సూదులు గుచ్చినట్టయి, ఒళ్ళు తూలింది. పక్కనున్న దేవకమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "మెడ పట్టేసిందా అమ్మీ?" అని అడిగింది. గీతాంజలి నోరు తెరిచే లోపే వెనక మెట్టు మీది పెంచలమ్మ అందుకుంది. "ఏం లేదక్కా, నిద్ర సాలక పట్టుంటాది" అని, చెంబుతో నీళ్ళు ముంచి కోడలి తల మీద పోసేసింది. పోస్తూ పోస్తూ చెవి దగ్గర, "నోరెత్తద్దు" అంది.

అంటే గీతాంజలి తల కోనేట్లో మునగలేదు. ఆ సంగతి తెలిసింది ఆ ముగ్గురికే.

"అమ్మా" అంది గీతాంజలి. "లాయరమ్మ నన్ను ఒకటే అడిగింది. అప్పుడే నీ మెడ బాగలేదని బయటోళ్ళు ఎవురన్నా చూసినారా అని. నేను నీ పేరు చెప్పలేదు. ఆడ చెప్పే ముందర నిన్నే అడగాలనుకున్నా. నువ్వు చూస్తివి గదమ్మా?"

"ఏందిమ్మే ఇది?" భానుచందర్ లేచి నిలబడ్డాడు. "మా అమ్మను పట్టుకోని నాకు సాక్ష్యం పెడతావా? మా, నువ్వు లే. పోదాం. నీకేం గుర్తుండదు."

"నాకా గుర్తుండదు?" దేవకమ్మ కదలలేదు. "మన ఇంట్లో ఏ ఆవు ఏ కార్తెలో ఈనిందో ఇప్పుడడుగు, సెప్తా. ఈ అమ్మి మెడ వంగలా. నేను సూసినా. పట్టుకోకపోతే నీళ్ళలో పడిపోయేది."

"మా! ఇల్లు పోతాది!"

"ఇల్లు పోతే ఇంకోటి కట్టుకుంటావురా. సెయ్యి పోతే యాడ తెచ్చిస్తావు?"

పాపం, భానుచందర్ కూడా చెడ్డవాడు కాదు. భయపడిన వాడు. ఒక్క కిస్తీ దాటేసినందుకు ఇంత వస్తుందని కలగన్నాడా? నిలబడిన వాడు నిలబడినట్టే గుంజకు ఆనుకున్నాడు.

గీతాంజలికి ఏడుపు రావలసింది ఇప్పుడు కూడా. ఎదుటి పక్షం తల్లి తన పక్షం మాట్లాడుతోంది. సాక్ష్యం దొరికింది, ఆపరేషనుకు దారి దొరికింది, చెయ్యి దొరుకుతుంది. సంతోషం ఉందని తెలుస్తోంది, దూరాన ఎవరింట్లోనో పెళ్ళి మేళం వినపడినట్టు. తన ఇంట్లో మాత్రం మోగడం లేదు.

"సెప్తా. కోర్టులో సెప్పమన్నా సెప్తా" అంది దేవకమ్మ. అని, చెంబులోంచి ఆ చేతిని తీసి, తన కొంగుతో ఒత్తకుండా తుడిచింది. "అయితే నువ్వు నాకొకటి సెప్పాల. నేను పెద్దముండని, ఆ సామికి దండం పెట్టుకోని బతికేదాన్ని. నీ మెడ బాగలేదని నేను సెప్తే, ఆ దినం నీకు తెలుసుననే గదా అర్థం? నొప్పి ఉండాదని తెలిసీ, లేదని సత్యం చేస్తివా?"

అడగరాని ప్రశ్నేం కాదు అది. కోర్టులో భానుచందర్ లాయరు అడగబోయేదీ అదే, దేవుడి గూటి ముందు పెంచలమ్మ తనలో తను అడుక్కుంటున్నదీ అదే. తెలియదంటే సాక్ష్యం వీగిపోతుంది. తెలుసంటే ప్రమాణం అబద్ధమవుతుంది. చెయ్యి కావాలంటే, దేవుడి ముందు అబద్ధమాడానని తన నోటితో తనే ఒప్పుకోవాలి.

ఒక్క చిన్న అబద్ధం చాలు. అప్పుడు తెలీలేదమ్మా, ఇంటికొచ్చినాక తెలిసిందని అనేస్తే ఎవరు కాదంటారు? గీతాంజలి కాలిన వేళ్ళను చూసుకుంది. ఒక అబద్ధానికి వచ్చిన ఫలితం కళ్ళెదుటే ఉంది.

"తెలుసు" అంది.

ఆ మాట అన్నాక భయం వేస్తుందనుకుంది. సిగ్గు వేసింది. చాలా రోజుల తర్వాత లోపల ఏదో ఒకటి చురుక్కుమంది. అందుకు ఆమె ఆశ్చర్యపోయింది కూడా.

అదే సమయానికి కరెంటు వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి లంకించుకున్నాయి. వీళ్ళ మగ్గం కూడా దడదడమంటూ కదిలింది. పేక పోగును లాక్కుపోయే నాడె అటు నుంచి ఇటు దూసుకుపోయింది. మునీంద్ర ఉలిక్కిపడి లేచి స్విచ్చు ఆపేశాడు. ఊరంతా మోగుతుంటే ఆ ఒక్క ఇంట్లో మగ్గం ఆగింది.

"అది కాదు సత్యం చేసింది" అంది పెంచలమ్మ.

వంటింటి గడప మీద నిలబడి ఉంది. చేతిలో పసుపు ముడుపు. గూట్లోంచి ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు.

"సత్యం చేయించింది నేను. అది నోరు తెరిచింది, నేను మూయించినా. అది మునగలా, నేను నీళ్ళు పోసి మునిగినట్టు చేసినా. సామి కొట్టేదయితే నన్ను కొట్టాల. మగ్గం కాడ కూర్చోని సంసారం ఈడ్చుకొస్తాండే పిల్లను ఏమిటికి కొడతాడు?" ఆమె ముడుపును కళ్ళకద్దుకుంది. "రేపు పొద్దన నేను కాణిపాకం పోతా. ఈ తూరి మునిగేది నేను. మునిగి, ఉండేదంతా సెప్పేస్తా."

"అత్తా" అంది గీతాంజలి. ఇన్నాళ్ళూ ఆ నోరెత్తద్దు అన్న మాటకు తనకు తోచిన కారణం ఒకటే. బస్సు దాటిపోతుందనీ, గొడవ పెంచుకోవడం ఎందుకనీ, ముసలివాళ్ళకుండే తొందర. "ఏమిటికత్తా ఆ దినం నన్ను మాట్లాడనీయలేదు?"

పెంచలమ్మ ముడుపును రెండు చేతుల్లో పెట్టి నలుపుతూ, చూపు పక్కకు తిప్పింది. ఆ చూపు భానుచందర్ మీదికి పోతుందని గీతాంజలి అనుకుంది. పోలేదు. ఆగిన మగ్గం దగ్గరికి పోయింది. స్విచ్చు మీది నుంచి ఇంకా చెయ్యి తీయని తన కొడుకు దగ్గరికి.

"నన్ను మూయించినోళ్ళు ఉండారు గాబట్టి" అంది.

మునీంద్ర స్విచ్చు వదిలాడు. మెల్లగా వచ్చి భార్య పక్కన గొంతుక్కూర్చుని, ఆమె కాలిన చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాడని గీతాంజలి చూసి తెలుసుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఎరిగిన చెయ్యి, ఎంత గట్టిగా పట్టుకున్నాడో, వణుకుతోందో లేదో, ఆమెకు ఏమీ తెలియలేదు.

"గీతా" అన్నాడు.

"ఆ దినం మేము నీళ్ళలో ఉండంగ, మీరిద్దరూ టీ తాగేదానికి పోతిరే" అంది గీతాంజలి. కళ్ళు అతని చేతి మీదే ఉన్నాయి. "పోయే ముందర నువ్వు అత్తను పక్కకు పిలిచి ఏదో చెప్తివి, బస్సు మాటేమో అనుకుంటి. అది కాదు. నా నోరు మూయించమన్నావు. నేను నీళ్ళలోకి దిగకముందే. నా మెడ బాగలేదని నీకూ తెలుసు గదా?"

మునీంద్ర తల వంచుకున్నాడు. అతని మెడ సులువుగా వంగింది.

"ఆ అన్నా నువ్వూ ముందరే ఏం మాట్లాడుకుంటిరి?"

వీధిలో మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. గుంజకు ఆనుకున్న భానుచందర్ గొంతు సవరించుకున్నాడు. పోయేదంతా ఎలాగూ పోతోందని తేల్చుకున్న మనిషికి వచ్చే తీరుబడి ఒకటి అతని ముఖంలోకి వచ్చింది.

"నువ్వే చెప్తావా మునీంద్రా," అన్నాడు, "లేకపోతే నన్ను చెప్పమంటావా?"